హెచ్. పైలోరీ: పరీక్షకు ముందు నుంచి క్రిమి పోయిందని తేలేదాకా ఏం చేయాలి

"రిపోర్టులో హెచ్. పైలోరీ పాజిటివ్ అని వచ్చింది, ఇప్పుడేం చేయాలి?" "పద్నాలుగు రోజులు మందులు వాడాను, మంట తగ్గింది, క్రిమి పోయినట్లేనా?" "ఎండోస్కోపీ తప్పదా, ఊపిరి పరీక్ష సరిపోదా?" మాటలు మారినా హైదరాబాద్ పాఠకుల నుంచి ఈ మూడు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటికి చేయవలసిన పనుల వరుసలో ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. ఏ మందు రాయాలన్నది డాక్టర్ నిర్ణయం. అయితే పరీక్షకు సిద్ధం కావడం, మాత్రలు వేళకు వేసుకోవడం, చివర్లో తిరిగి పరీక్ష చేయించుకోవడం పూర్తిగా మీ చేతిలో ఉన్నవి. గ్యాస్ మాత్ర (ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వంటిది) ఆపకుండా పరీక్షకు వెళ్ళడం, కోర్సు ముగిశాక తిరిగి పరీక్ష చేయించుకోకపోవడం అనే రెండు పొరపాట్ల వల్లనే ఎక్కువమంది డబ్బూ కాలమూ పోగొట్టుకుంటున్నారు.

హెలికోబాక్టర్ పైలోరీ జీర్ణాశయం లోపలి జిగురు పొరలో బతికే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 1982లో దీనిని గుర్తించి, అల్సర్లకు ఇది కారణమని చూపినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీనిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఈ మాట చూసి బెంబేలు పడవద్దు. ఈ క్రిమి ఉన్నవారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు, క్యాన్సర్ దాకా వెళ్ళేది చాలా కొద్దిమందికే. పరీక్షల గురించి మాత్రం ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసి యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఊపిరి పరీక్ష, ఎండోస్కోపీలో (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కపై (బయాప్సీ) చేసే యూరియేజ్ పరీక్ష పట్టుకునేది ఈ పనినే. గ్యాస్ మాత్రలు క్రిమి సంఖ్యనూ, దాని పనినీ తాత్కాలికంగా అణచివేస్తాయి కనుక, అవి వాడుతూ పరీక్షకు వెళితే క్రిమి లోపల ఉన్నా రిపోర్టు నెగటివ్ అని రావచ్చు.

ఇవి ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి

రక్తపు వాంతి, కాఫీ పొడి రంగు వాంతి, తారులా నల్లగా జిగటగా దుర్వాసనతో విరేచనం, ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి లేదా దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఛాతీలో బిగుతు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే దానిని గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు; ముందు ఈసీజీ తీయించుకోండి. కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, ఆగని వాంతులు, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండటం, యాభై దాటిన తరువాత కొత్తగా అజీర్తి మొదలుకావడం వంటివి ఉన్నవారు ఊపిరి పరీక్షతో సరిపెట్టుకోకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ను (జీర్ణకోశ వైద్య నిపుణుడిని) కలిసి ఎండోస్కోపీ గురించి మాట్లాడాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

- పాత రిపోర్టులు, మందుల చీటీలు ఒకే ఫైలులో.
- ఇప్పుడు వాడుతున్న అన్ని మందుల జాబితా. బీపీ, షుగర్, రక్తం పలచబడే మందులు, కొలెస్ట్రాల్ మందులు, మోకాళ్ళ నొప్పుల మాత్రలు, ఆయుర్వేద, హోమియో మందులు కూడా రాయండి.
- గత రెండు మూడేళ్ళలో వాడినట్లు గుర్తున్న యాంటీబయాటిక్‌ల పేర్లు.
- పెన్సిలిన్ గానీ మరే మందు గానీ పడకపోతే ఆ సంగతి పెద్ద అక్షరాలతో.
- ఒక క్యాలెండర్, ఫోనులో అలారం.
- ప్రభుత్వ పథకం ద్వారా వెళ్ళేవారికి ఆధార్, ఆహార భద్రతా కార్డు.

యాంటీబయాటిక్‌ల జాబితాకు ఎందుకంత ప్రాముఖ్యం అని అడగవచ్చు. గొంతునొప్పికి, దగ్గుకు అజిత్రోమైసిన్ మూడు రోజులు, విరేచనాలకు ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర రెండు రోజులు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడం మన ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్న అలవాటే. అజిత్రోమైసిన్‌కు అలవాటుపడిన క్రిమి అదే కుటుంబానికి చెందిన క్లారిత్రోమైసిన్‌కు లొంగదు. ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్ సంగతీ, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ సంగతీ అంతే. ఈ జాబితా చేతిలో ఉంటే మీ డాక్టర్ పని చేయని మందును రాయకుండా తప్పించగలరు.

1. మీకు అసలు పరీక్ష అవసరమా అని తేల్చుకోండి

అల్సర్ ఉన్నవారు, గతంలో వచ్చినవారు, తగ్గని అజీర్తి ఉన్నవారు, కారణం తెలియని ఐరన్ లోపం ఉన్నవారు, ఆస్పిరిన్ గానీ నొప్పి మాత్రలు గానీ చాలాకాలం వాడవలసినవారు, దగ్గరి రక్తసంబంధీకులలో జీర్ణాశయ క్యాన్సర్ ఉన్నవారు పరీక్ష చేయించుకోవడం సమంజసం. ఏ బాధా లేకుండా, హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోవద్దు. పాజిటివ్ వస్తే చికిత్స తీసుకోవడానికి సిద్ధపడినప్పుడే పరీక్షకు అర్థం ఉంటుంది. చిన్నపిల్లల విషయంలో ఊరికే కడుపునొప్పి అన్నంత మాత్రాన ఈ పరీక్ష చేయించరు. పిల్లల డాక్టర్ చెబితేనే చేయించండి.

2. సరైన పరీక్షను ఎంచుకోండి

రక్త పరీక్షలో చూసేది క్రిమిని కాదు, దానికి శరీరం తయారుచేసిన యాంటీబాడీలను. క్రిమి పోయి ఏడాది దాటినా అవి రక్తంలో మిగిలి ఉండవచ్చు. కనుక ఐజీజీ (ఆ యాంటీబాడీల్లో ఒక రకం) పాజిటివ్ అన్న ఒక్క కాగితం పట్టుకుని చికిత్స మొదలుపెట్టవద్దు, చికిత్స పనిచేసిందో లేదో చూడటానికి అయితే అది ఏ మాత్రమూ పనికిరాదు. ఆ కాగితం వచ్చినవారు ఈ కింది వాటిలో ఒకదానితో నిర్ధారించుకోవాలి.

ఊపిరి పరీక్ష: ప్రత్యేకమైన కార్బన్ కలిపిన యూరియాను తాగించి లేదా క్యాప్సూల్‌గా మింగించి, కాసేపటికి మీ ఊపిరిని సంచిలోనో కార్డులోనో పట్టుకుంటారు. అరగంట పని. కార్బన్-13 రకంలో రేడియేషన్ ఉండదు. కార్బన్-14 రకంలో అతి స్వల్పంగా ఉంటుంది కనుక గర్భిణులకు, పిల్లలకు దానిని వాడరు. అన్ని ల్యాబుల్లో ఈ పరీక్ష దొరకదు, ఎక్కువగా జీర్ణకోశ వైద్య విభాగాలున్న పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది కాబట్టి, ముందుగా ఫోన్ చేసి రెండింటిలో ఏ రకమో కూడా అడిగి వెళ్ళండి.

మలంలో యాంటిజెన్ పరీక్ష: ఇందులో క్రిమి తాలూకు పదార్థాన్నే (యాంటిజెన్) వెతుకుతారు, ఇది కూడా నమ్మదగినదే. మూత్రం గానీ నీళ్ళు గానీ కలవకుండా తడి లేని డబ్బాలో తీసి, అదే పూట ల్యాబుకు చేర్చాలి. మే నెల ఎండలో నమూనాను బండి డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరగవద్దు. ఆలస్యమైతే చల్లగా ఎలా ఉంచాలో ల్యాబువారిని అడగండి. నీళ్ళ విరేచనాలు అవుతున్నప్పుడు నమూనా ఇవ్వవద్దు. అప్పటికప్పుడు కార్డు మీద చూసి చెప్పే పద్ధతి కంటే ల్యాబులో ఎలైజా పద్ధతిలో చేసినది మెరుగు.

ఎండోస్కోపీతో బయాప్సీ: పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నవారికి ఇదే దారి. అల్సర్, గడ్డ వంటివి ఉంటే కళ్ళతో చూడటం ఇందులోనే సాధ్యం. యూరియేజ్ పరీక్షకు ఒక్కచోటి ముక్క మాత్రమే తీస్తే క్రిమి దొరకకపోవచ్చు. జీర్ణాశయం దిగువ భాగం నుంచీ మధ్య భాగం నుంచీ కూడా తీస్తారా అని ముందే మర్యాదగా అడగండి. అలా అడగడం డాక్టర్‌ను అనుమానించడం కాదు. రక్తస్రావం అవుతున్న సమయంలో చేసిన పరీక్ష నెగటివ్ వచ్చినా దానిని చివరి మాటగా తీసుకోకూడదు. కొన్ని వారాల తరువాత మరో పద్ధతిలో చూడాలి.

3. ఎక్కడికి వెళ్ళాలి

ప్రభుత్వ రంగంలో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ, పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ జీర్ణకోశ వ్యాధుల విభాగాలు ఉన్నాయి. ప్రత్యేక విభాగాల ఓపీ రోజులు, ఎండోస్కోపీకి పేరు రాసుకునే వేళలు ముందు కనుక్కుని ఉదయమే చేరుకోండి. ఓపీ చీటీ తీసుకున్న రోజే ఎండోస్కోపీ జరుగుతుందని అనుకోవద్దు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అడగండి. ప్రైవేటుగా వెళ్ళేవారు పరీక్ష ధరతో పాటు బయాప్సీ ముక్కను ల్యాబులో చూసే ఖర్చు, మత్తు ఇస్తే దాని ఖర్చు విడిగా ఉంటాయా అని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అత్యవసరం కాని ఏ బాధకైనా ముందుగా బస్తీ దవాఖానాకో తెలిసిన ఫిజీషియన్‌కో చూపించుకోవడంలో తప్పు లేదు. అక్కడి నుంచి రాసిచ్చిన చీటీతో పెద్దాసుపత్రికి వెళితే పని సులువవుతుంది.

4. పరీక్షకు ముందు మందులు ఆపండి

అన్ని మెట్లలోకీ ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే. క్యాలెండర్ తీసి పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

- యాంటీబయాటిక్‌లు, బిస్మత్ (ఈ క్రిమి చికిత్సలోనూ వాడే కడుపు మందు): కనీసం 4 వారాల ముందు నుంచి ఉండకూడదు.
- పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్, కొత్తగా వచ్చిన వోనోప్రజాన్: కనీసం 2 వారాలు.
- ఫామోటిడిన్ వంటివి: ఒకటి రెండు రోజులు.
- తెల్లటి యాంటాసిడ్ సిరప్‌లు: ఆ రెండు వారాల్లో మంట భరించలేకపోతే వాడుకోవచ్చు, పరీక్ష రోజు ఉదయం మాత్రం వద్దు.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ‘నేను గ్యాస్ మాత్ర ఆపేశాను’ అంటూనే మరో పేరుతో అదే మందు వేసుకోవడం. పేరు చివర ‘డి’ ఉన్న గ్యాస్ క్యాప్సూల్‌లో వాంతులు తగ్గించే డాంపెరిడోన్‌తో పాటు ఉండేది పాంటోప్రజోలో రాబెప్రజోలో ఒమెప్రజోలో. మోకాళ్ళ నొప్పులకు ఇచ్చే క్యాప్సూళ్ళలో కొన్నింటిలో నొప్పి మందుతో పాటు రాబెప్రజోల్ కలిపే ఉంటుంది. అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. గ్యాస్ మందు పేరు చివర ‘ప్రజోల్’ లేదా ‘ప్రజాన్’ అని ఉంటే అది ఆపవలసినదే; మానసిక సమస్యలకు వాడే అరిపిప్రజోల్ వంటివి మాత్రం ఈ లెక్కలోకి రావు, వాటిని ఆపవద్దు.

ఆపిన మొదటి వారంలో మంట మునుపటి కంటే ఎక్కువ కావచ్చు. మాత్రకు అలవాటుపడిన జీర్ణాశయం కొన్నాళ్ళు ఆమ్లాన్ని ఎక్కువగా తయారుచేయడమే దీనికి కారణం, జబ్బు ముదిరిందని కాదు.

హెచ్చరిక: ఇటీవల అల్సర్ నుంచి రక్తం పోయినవారు, గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు గ్యాస్ మాత్రను సొంతంగా ఆపకూడదు, గుండె మందులను అసలే ఆపకూడదు. వారికి వేరే ఏర్పాటు డాక్టరే చెబుతారు.

5. పరీక్ష రోజు

ఊపిరి పరీక్షకు సాధారణంగా 6 గంటలు పరగడుపున ఉండాలి. సిగరెట్ కూడా వద్దు. ఎండోస్కోపీకి ఘన ఆహారం 6 నుంచి 8 గంటల ముందే ఆపాలి. మంచినీళ్ళు ఎప్పటిదాకా తాగవచ్చో ఆసుపత్రివారు చెప్పిన సమయాన్ని పాటించండి. పాలు కలిపిన టీ మంచినీళ్ళ లెక్కలోకి రాదు. షుగర్ ఉన్నవారు ఆ ఉదయం మాత్రలు, ఇన్సులిన్ ఏం చేయాలో ముందురోజే అడిగి ఉదయపు మొదటి వరుసలో పేరు రాయించుకోండి. కట్టుడు పళ్ళు తీసేయండి. గొంతులో తిమ్మిరి మందు చల్లి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకుంటే ఓకరింపు తక్కువగా ఉంటుంది. గొంతు తిమ్మిరి పోయేదాకా ఏమీ మింగవద్దు. మత్తు ఇచ్చి ఉంటే తోడు మనిషితోనే ఇంటికి వెళ్ళాలి, ఆ రోజు బండి నడపకూడదు.

6. మందులు మొదలుపెట్టే ముందు

చీటీ చేతికి రాగానే మాత్ర వేసుకోవద్దు. ముందు కోర్సు మొత్తానికి కావలసిన మందులన్నీ సమకూర్చుకోండి. ఇప్పుడు ఎక్కువగా సిఫారసు చేసేది 14 రోజుల చికిత్స. ఇందులో బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఒక గ్యాస్ మాత్ర కలిసిన నాలుగు మందుల పద్ధతి ఒకటి. క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, గ్యాస్ మాత్ర కలిసిన మూడు మందుల పద్ధతి మరొకటి. క్లారిత్రోమైసిన్‌కు లొంగని క్రిములు పెరిగినందున, ఆ మందుకు క్రిమి లొంగుతుందో లేదో చూడకుండా ఆ మూడు మందుల కిట్‌ను అందరికీ మొదటే ఇవ్వడం మంచిది కాదన్నది నేటి మార్గదర్శకాల ధోరణి. మీకు ఆ కిట్ రాస్తే, పై జాబితా చూపించి, "నేను అజిత్రోమైసిన్ చాలాసార్లు వాడానండీ, ఇది పనిచేస్తుందా?" అని ఒక్క మాట అడగండి.

బిస్మత్, టెట్రాసైక్లిన్ అన్ని మెడికల్ షాపుల్లో ఉండవు. పెద్దాసుపత్రుల చుట్టుపక్కల షాపుల్లో వెతకండి. దొరకలేదని షాపతను డాక్సీసైక్లిన్ ఇస్తానంటే ఒప్పుకోవద్దు. చూడటానికి ఒకే కుటుంబమైనా ఈ క్రిమిపై దాని ఫలితం తక్కువ. డాక్టర్‌కే ఫోన్ చేసి ప్రత్యామ్నాయం అడగండి.

మొదలుపెట్టే తేదీ కూడా చూసుకోండి. రోజుకు నాలుగు పూటల మందులను రంజాన్ ఉపవాసాల మధ్య ఇరికించలేరు. బోనాలకో ఇంట్లో పెళ్ళికో కల్లు, మద్యం తప్పవనుకునేవారు కూడా ఆ వారాలు దాటించండి. అల్సర్ రక్తస్రావం వంటి తొందర లేకపోతే కొన్ని వారాలు ఆగడం వల్ల నష్టం లేదు. డాక్టర్‌కు చెప్పి ఆగండి. గర్భిణులకు సాధారణంగా ప్రసవం అయ్యేదాకా చికిత్స వాయిదా వేస్తారు, టెట్రాసైక్లిన్ వారికి ఇవ్వకూడదు. వార్ఫరిన్ వంటి రక్తం పలచబడే మందులు, అటోర్వాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మందులు ఈ యాంటీబయాటిక్‌లలో కొన్నింటితో పొసగవు. జాబితా చూపించడం మరవకండి.

7. పద్నాలుగు రోజులు ఎలా వేసుకోవాలి

గ్యాస్ మాత్ర ఉదయం టిఫిన్‌కు, రాత్రి భోజనానికి అరగంట ముందు. మిగిలినవి చీటీ ప్రకారం. నాలుగు పూటలవి అయితే టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం, పడుకోవడానికి కాస్త ముందు అని నాలుగు అలారాలు పెట్టి, వేసుకున్న ప్రతిసారీ క్యాలెండర్‌లో గీత గీయండి.

మన భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది. పాలు, పెరుగు, మజ్జిగ, కాల్షియం, ఐరన్ మాత్రలు టెట్రాసైక్లిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ కనీసం 2 గంటల ఎడం ఉంచండి. ఈ రెండు వారాలు పెరుగును మందులేని వేళకు మార్చుకోవడం తేలిక. టెట్రాసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్ళతో మింగి వెంటనే పడుకోకండి, గొంతు కింద పుండు పడవచ్చు. ఆ రోజుల్లో ఎండలో ఎక్కువ తిరగవద్దు.

మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులూ, ఆపాక మరో 3 రోజులూ మద్యం, కల్లు పూర్తిగా మానండి. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, హోమియో ద్రవాలు కూడా అందులోకే వస్తాయి.

భయపడనవసరం లేనివి: బిస్మత్ వల్ల నాలుక, విరేచనం నల్లబడటం; మెట్రోనిడజోల్ వల్ల నోట్లో లోహపు చేదు, మూత్రం ముదురు రంగు; కొద్దిగా వికారం, విరేచనం పలచబడటం. అయితే నలుపుతో పాటు జిగట, దుర్వాసన, నీరసం, కళ్ళు తిరగడం ఉంటే అది మందు నలుపు కాదు, రక్తస్రావం కావచ్చు. దద్దుర్లు, ముఖం లేదా పెదవుల వాపు, ఆయాసం, రక్తంతో లేదా ఆగకుండా విరేచనాలు, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే మందులు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఒక పూట మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి. తరువాతి పూట దగ్గరపడితే దానిని వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. అయిదో రోజుకే మంట తగ్గిందని ఆపేసేవారు చాలామంది. వారిలో మిగిలే క్రిములు ఆ మందులకు అలవాటుపడినవై ఉండవచ్చు, అప్పుడు రెండోసారి చికిత్స మరింత కష్టమవుతుంది. భరించలేని చేదు, వికారం ఉంటే ఆపే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. చాలాసార్లు వేళలు మార్చితే సర్దుకుంటుంది.

8. క్రిమి పోయిందో లేదో చూసుకోండి

బాధ తగ్గడం క్రిమి పోయిందనడానికి రుజువు కాదు. గ్యాస్ మాత్ర ఒక్కటే బాధను తగ్గించగలదు. చివరి యాంటీబయాటిక్ వేసుకున్న రోజు నుంచి కనీసం 4 వారాలు, గ్యాస్ మాత్ర ఆపిన రోజు నుంచి కనీసం 2 వారాలు గడిచాక ఊపిరి పరీక్ష గానీ మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించండి. కోర్సు ముగిసిన వారానికే చేయిస్తే నెగటివ్ వచ్చినా నమ్మకూడదు. ఈ మధ్యలో జ్వరానికో పంటినొప్పికో యాంటీబయాటిక్ వాడవలసి వస్తే, ఆ చివరి మాత్ర నుంచి మళ్ళీ 4 వారాలు లెక్కపెట్టండి. రక్త పరీక్ష ఇక్కడ వద్దు. జీర్ణాశయంలో అల్సర్ ఉన్నవారికి, అది మానిందో లేదో, దాని వెనుక మరేదైనా ఉందో చూడటానికి కొన్ని వారాల తరువాత తిరిగి ఎండోస్కోపీ చేస్తారు. నొప్పి లేదు కదా అని దానిని మానుకోవద్దు.

9. మళ్ళీ పాజిటివ్ వస్తే

వాడిన చీటీ, గీతలు గీసిన క్యాలెండర్ తీసుకుని గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరకు వెళ్ళండి. ఎన్ని పూటలు తప్పాయో దాచవద్దు; మందు పనిచేయలేదా, మోతాదు అందలేదా అన్నది తేలేది దానితోనే. క్లారిత్రోమైసిన్ గానీ లీవోఫ్లాక్సాసిన్ గానీ ఒకసారి విఫలమైతే రెండోసారి అదే మందు వాడరు. అదే కిట్‌ను మెడికల్ షాపులో మళ్ళీ కొనుక్కోవడం అందుకే వ్యర్థం. లీవోఫ్లాక్సాసిన్ రాసే ముందు దగ్గు, సాయంత్రపు జ్వరం వంటి టీబీ లక్షణాలు ఉంటే తప్పక చెప్పండి, ఆ మందు టీబీని కొంతకాలం కప్పిపుచ్చగలదు. రెండుసార్లు విఫలమైతే బయాప్సీ ముక్కపై ఏ మందుకు క్రిమి లొంగుతుందో చూసే పరీక్ష అందుబాటులో ఉందేమో అడగండి.

10. నెగటివ్ వచ్చినా బాధ తగ్గకపోతే

అప్పుడు కారణం వేరే. ఆమ్లం పైకి తన్నడం, పిత్తాశయంలో రాళ్ళు, నొప్పి మాత్రలు, పరీక్షల్లో ఏ లోపమూ కనబడని అజీర్తి ఇందులో ఏదైనా కావచ్చు. క్రిమి చికిత్సను ‘మరోసారి చేసి చూద్దాం’ అనుకోవద్దు. నొప్పి మాత్రలు వాడుతుంటే ముందు వాటి సంగతి చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ క్రిమితో సంబంధం లేకుండానే అల్సర్లు తెప్పిస్తాయి. ఇంట్లో మిగతావారి గురించి కూడా చాలామంది అడుగుతారు: ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలో, కుటుంబంలోనే నోటి ద్వారా, శుభ్రత లేని చేతులు, నీళ్ళ ద్వారా అంటుతుంది. బాధలు ఉన్నవారికి, క్యాన్సర్ చరిత్ర ఉన్న కుటుంబాల్లోని పెద్దలకు పరీక్ష చేయించండి. ఏ లక్షణమూ లేని పిల్లలందరినీ వరుసగా ల్యాబుకు తీసుకువెళ్ళనక్కరలేదు.